ఎవరు పట్టుకున్నారు?

పైథాన్‌లో సర్వర్లు రాసే ఒక అబ్బాయికీ, వాడి పిన్నికీ జరిగిన వాదన ఇది. పిన్ని సీ ప్లస్ ప్లస్‌తో మొదలుపెట్టి, ఇప్పుడు పైథాన్ కోడ్ రివ్యూలతో పొద్దుపుచ్చే మనిషి. అబ్బాయి చూసుకునే సర్వీసు ఒకటి కొన్నాళ్ళుగా మెమరీ మింగుతూ పోతోంది. గార్బేజ్ కలెక్షన్ లాగ్, అంటే జీసీ లాగ్, ఆన్ చేసి, ఆ ఫైలు లాప్‌టాప్‌లో పెట్టుకుని వచ్చాడు. వాడి సిద్ధాంతం ఒకటే: కోడ్‌లో రిఫరెన్స్ సైకిల్ ఉండటమే తప్పు, ప్రతి సైకిల్నీ లాగ్‌లో పట్టుకుని తీసెయ్యాలి, చివరికి జీసీనే ఆపెయ్యాలి. పిన్ని దీనికి బొత్తిగా ఒప్పుకోదు. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు. నేనేమీ తటస్థుణ్ణి కాదు.

అబ్బాయి: ఇదిగో పిన్నీ, ఈ లైను చూడు. జనరేషన్ రెండులో కలెక్షన్ జరిగింది. ఎవరికీ అందకుండా ఉన్న ఆబ్జెక్టులు 1200, ఏరలేనివి సున్నా, పట్టిన సమయం 30 మిల్లీసెకన్లు. ఫైలు నిండా ఇలాంటి లైన్లే. అంటే వచ్చిన ప్రతి రిక్వెస్టూ సైకిళ్ళు కని పారేసి పోతోంది. మా లీక్ ఇదే.

పిన్ని: ఏరి పారేసినవాటిని లీక్ అంటావేంట్రా?

అబ్బాయి: ఏరింది సరే, ఏరాల్సిన గతి ఎందుకు పట్టింది? పైథాన్‌లో ప్రతి ఆబ్జెక్టూ తనని ఎన్ని చోట్ల పట్టుకున్నారో లెక్క పెట్టుకుంటుంది. ఆ లెక్క సున్నాకి దిగిన క్షణమే ఆబ్జెక్టు పోతుంది, మెమరీ వెనక్కి వస్తుంది. జీసీతో పనే లేదు. అదే రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుంటే రెండింటి లెక్కా ఒకటి దగ్గర ఆగిపోతుంది. ప్రోగ్రాం వాటిని ఎప్పుడో మర్చిపోయినా అవి మాత్రం అక్కడే కూర్చుంటాయి. శుభ్రంగా నడిచే పద్ధతిని ఈ సైకిళ్ళు పాడుచేస్తున్నాయి.

పిన్ని: ఇది కొత్త సంగతేం కాదు. ఈ లెక్కల పద్ధతిని జార్జ్ కాలిన్స్ 1960లో ప్రచురించాడు. 1963లో మెక్‌బెత్ అనే ఆయన ఒక చిన్న ఉత్తరం రాసి, తిరిగి తన దగ్గరికే వచ్చే లిస్టుని ఇది ఎప్పటికీ ఏరలేదని తేల్చేశాడు. లోపం బయటపడటానికి మూడేళ్ళే పట్టింది. అదే 1960లో జాన్ మెకార్తీ లిస్ప్ కోసం ఇంకో దారి చెప్పాడు. లెక్కలు వద్దు, ప్రోగ్రాం చేతిలో ఉన్నవాటితో మొదలుపెట్టి చేరగలిగినవన్నీ గుర్తుపెట్టుకో, మిగిలింది చెత్త అన్నాడు. పైథాన్ మొదట్లో లెక్కలనే నమ్ముకుంది. 2000 అక్టోబర్‌లో 2.0 వచ్చేదాకా సైకిళ్ళని ఏరే ఏర్పాటే అందులో లేదు. మనుషులు రాసే కోడ్‌లో సైకిళ్ళు తప్పవని ఒప్పుకునే వాళ్ళు జీసీ పెట్టారు. దాని పని అది చేస్తుంటే నీకొచ్చిన బాధేంటి?

అబ్బాయి: ఖర్చు పిన్నీ, ఖర్చు. పీహెచ్‌పీ ప్యాకేజీలు తెచ్చిపెట్టే కంపోజర్ ఉంది కదా, అందులో 2014 డిసెంబర్‌లో జీసీని ఆపమని ఒక్క లైను చేర్చారు. అప్‌డేట్ సమయం సగానికి పైగా పడిపోయిందని వాడేవాళ్ళు వరసగా చెప్పుకున్నారు. 2017 జనవరిలో ఇన్‌స్టాగ్రామ్ తన పైథాన్ సర్వర్లలో జీసీ కట్టేశామని, దాదాపు 10 శాతం సామర్థ్యం కలిసొచ్చిందని బాహాటంగా రాసింది. అంత పెద్దవాళ్ళు ఆపగా లేనిది మేం ఆపితే వచ్చిందా?

పిన్ని: ఆ రెండు కథలూ నువ్వు సగమే చదివావు. కంపోజర్ ఒక కమాండ్. కాసేపు నడిచి చచ్చిపోతుంది, అది ఏం పారేసినా ఆపరేటింగ్ సిస్టం ఊడ్చేస్తుంది. పైగా అక్కడ సైకిళ్ళు చెత్తగా పడిలేవు. ప్యాకేజీల చిక్కు విప్పేటప్పుడు లక్షల ఆబ్జెక్టులు ఒకేసారి బతికి ఉంటాయి. పీహెచ్‌పీ జీసీ 10,000 అనుమానితులు పోగవ్వగానే లేచి వెతికేది, ఏమీ దొరకక మళ్ళీ పడుకునేది, మళ్ళీ లేచేది. 2018లో వచ్చిన 7.3లో, ఏమీ దొరకనప్పుడు ఆ హద్దు తనంతట తానే పెరిగేలా మార్చారు. అంటే తప్పు కంపోజర్ రాసినవాళ్ళ సైకిళ్ళది కాదు, జీసీ ఎప్పుడు లేవాలన్న లెక్కది.

అబ్బాయి: మరి ఇన్‌స్టాగ్రామ్?

పిన్ని: అక్కడ ఒక తల్లి ప్రాసెస్ అన్నీ లోడ్ చేసుకుని పిల్లల్ని పుట్టిస్తుంది. ఎవరూ రాయనంత కాలం ఆ మెమరీ పేజీలు అందరికీ ఉమ్మడి. జీసీ లేచిందంటే ప్రతి ఆబ్జెక్టు తలమీదున్న తన గొలుసులని సవరిస్తుంది. సవరించడమంటే రాయడమేగా, దాంతో ఉమ్మడి పేజీలు ఎవరివి వాళ్ళకి విడిపోతాయి. వాళ్ళ గోల అది. ఇంకో సగం కూడా విను. ఏడాది తిరక్కుండా వాళ్ళే జీసీని వెనక్కి తెచ్చుకునే దారి వెతికారు, ఎందుకంటే ఆపేసిన జీసీ సైకిళ్ళని ఏరదు, వర్కర్లు లావెక్కుతాయి. పైథాన్ 3.7లో వచ్చిన జీసీ.ఫ్రీజ్ అలా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందే. తల్లి దగ్గరున్నవాటిని జీసీ కంటికి కనబడకుండా పక్కన పెట్టి, పిల్లల్లో జీసీని నడవనిస్తుంది. నువ్వు ఆపడం దగ్గర చదవడం మానేశావు.

(ఇలాంటి కథల్లో ఆపిన కబురు తిరిగినంత వేగంగా మళ్ళీ తెచ్చుకున్న కబురు తిరగదు. ఇంటర్వ్యూల్లో కూడా మొదటి సగమే వినబడుతుంటుంది.)

అబ్బాయి: సరే, ఆపను. కానీ ఈ లాగ్ ఉంది కదా. ఇందులో సైకిళ్ళు కనబడుతున్నాయి, అటు మెమరీ పెరుగుతోంది. రెండూ కలిపి చూడొద్దా?

పిన్ని: లాగ్ చదివేముందు అసలు జీసీ ఏం చూస్తుందో తెలుసుకో. ఒకరికొకరు జామీను సంతకాలు పెట్టుకున్న ఒక గుంపు ఉందనుకో. ఒక్కొక్కరి దగ్గరా తనకి ఎన్ని సంతకాలు పడ్డాయో రాసిన చీటీ ఉంది. గుంపులో వాళ్ళే పెట్టుకున్న సంతకాలని ఒక్కొక్కటే కొట్టేస్తూ పో. అన్నీ కొట్టేశాక కూడా ఎవరి చీటీలోనైనా అంకె మిగిలిందంటే, బయటివాడెవడో అతనికి పూచీ ఉన్నాడన్నమాట. అతను బతుకుతాడు, అతను సంతకం పెట్టినవాళ్ళూ బతుకుతారు. మిగతావాళ్ళంతా ఒకరి భరోసా మీద ఇంకొకరు నిలబడ్డవాళ్ళు, బయట దిక్కు లేదు. పైథాన్ జీసీ చేసేది అక్షరాలా ఇంతే. ప్రతి ఆబ్జెక్టు లెక్కనీ పక్కన కాపీ చేసుకుంటుంది, తను పరీక్షిస్తున్న గుంపులోపలి రిఫరెన్సులని తీసేస్తూ పోతుంది, సున్నాకి దిగినవాటిలో బతికినవాళ్ళు ఎవరికీ అందనివాటిని పారేస్తుంది.

అబ్బాయి: తెలుసు.

పిన్ని: తెలిస్తే ఇది చెప్పు. నీ లాగ్‌లో ఉన్న 1200 ఎవరు?

అబ్బాయి: ... బయట దిక్కు లేనివాళ్ళు.

పిన్ని: నీ మెమరీని తింటున్నవాళ్ళు?

అబ్బాయి: బయట దిక్కు ఉన్నవాళ్ళు.

పిన్ని: వాళ్ళ పేర్లు ఈ ఫైల్లో ఉంటాయా? జీసీ ఎవర్ని పంపించేసిందో రాస్తుంది. ఎవర్ని ఉంచేసిందో, ఎవరి పూచీ మీద ఉంచిందో రాయదు. నువ్వు వెతికేది ఆ రెండోది.

(ఇక్కడితో వాదన ముగిసిందనుకున్నాను. ముగియలేదు. తర్వాత అబ్బాయి అన్న మాటకి పిన్ని దగ్గర కూడా వెంటనే జవాబు లేదు.)

అబ్బాయి: ఒప్పుకుంటా. కానీ ఇప్పుడు నువ్వు నాకో మాట చెప్పు. జీసీ ఎప్పుడు లేస్తుంది? కొత్తగా పుట్టిన కంటైనర్లలోంచి పోయినవాటిని తీసేస్తే మిగిలింది ఒక హద్దు దాటినప్పుడు. చాలా ఏళ్ళపాటు ఆ హద్దు 700. చిన్న జనరేషన్ పదిసార్లు దాటితే మధ్యది, మధ్యది పదిసార్లు దాటితే పెద్దది. పెద్దదానికి ఇంకో షరతు కూడా ఉంది. కొత్తగా వచ్చి చేరినవి, పాతవాటిలో నాలుగోవంతు దాటితే తప్ప అది కదలదు. ఇవన్నీ తలల లెక్కలు పిన్నీ. బరువు ఎవరు చూస్తున్నారు?

పిన్ని: అంటే?

అబ్బాయి: మా దగ్గర జరిగిందే చెబుతాను. ఒక ఫంక్షన్‌లో పెద్ద నంపై ఎర్రే ఉంది, 300 మెగాబైట్లు. దాన్ని ఎక్కడికో పంపుతున్నారు, నెట్‌వర్క్ తప్పింది. ఎక్సెప్షన్ పట్టుకుని, మళ్ళీ ప్రయత్నిద్దామని దాన్ని లాస్ట్ ఎర్రర్ అనే లోకల్ వేరియబుల్‌లో దాచారు. ఎక్సెప్షన్ ట్రేస్‌బ్యాక్‌ని పట్టుకుంటుంది. ట్రేస్‌బ్యాక్ ఫ్రేమ్‌ని పట్టుకుంటుంది. ఫ్రేమ్ తన లోకల్ వేరియబుల్స్ అన్నింటినీ పట్టుకుంటుంది. అందులో లాస్ట్ ఎర్రర్ ఉంది, అదేమో ఆ ఎక్సెప్షనే. సైకిల్ పూర్తయింది. అదే ఫ్రేమ్‌లో ఆ ఎర్రే కూడా ఉంది. ఫంక్షన్ ఎప్పుడో ముగిసింది, 300 మెగాబైట్లు మాత్రం వేలాడుతున్నాయి. జీసీ కంటికి ఇది మూడు నాలుగు ఆబ్జెక్టులు. దాని హద్దుకి ఇంకా వందల దూరం. అలాంటివి వరసగా ఐదు రిక్వెస్టులు వస్తే లినక్స్ మా ప్రాసెస్‌ని చంపేస్తుంది, జీసీ మాత్రం నిద్రలేవదు. లాగ్‌లో ఒక్క లైను కూడా ఉండదు!

పిన్ని: ఎక్సెప్ట్ బ్లాక్ దాటగానే ఆ పేరుని పైథానే తుడిచేస్తుంది కదా?

అబ్బాయి: 'యాజ్ ఈ' అని ఇచ్చిన పేరుని తుడిచేస్తుంది. పైథాన్ 3లో ఎక్సెప్షన్‌కి ట్రేస్‌బ్యాక్ తగిలించినప్పుడే వాళ్ళకి ఈ భయం పట్టుకుంది, అందుకే ఆ ఏర్పాటు. మనవాళ్ళు దాన్ని ఇంకో పేరులోకి కాపీ చేసి ఆ జాగ్రత్తని గాలికొదిలేస్తారు. ఇది లీక్ కాదు, జీసీ ఎప్పుడో ఒకప్పుడు ఏరుతుంది, నువ్వన్నది నిజమే. కానీ ఆ ఎప్పుడో ఒకప్పుడు వచ్చేలోపే మా సర్వర్ పోతోంది.

పిన్ని: ఇది న్యాయమైన మాట. తలలు లెక్కపెట్టే లాగ్‌కి బరువు తెలీదు. అయితే బరువుని కూడా రాయించు. పైథాన్ 3.3 నుంచీ జీసీ.కాల్‌బ్యాక్స్ అనే లిస్టు ఉంది. అందులో నీ ఫంక్షన్ పెడితే ప్రతి కలెక్షన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పిలుస్తుంది. ఏ జనరేషనో, ఎన్ని పోయాయో చెబుతుంది. మొదట్లో గడియారం చూసుకో, ప్రాసెస్ మెమరీ చూసుకో. చివర్లో రెండూ మళ్ళీ చూసుకో. ఆబ్జెక్టులు 14 పోయి మెమరీ 300 మెగాబైట్లు తగ్గిన లైను కనబడిందంటే, నీ ఎక్సెప్షన్ అక్కడుంది.

అబ్బాయి: అది రాశాను. రాస్తే సర్వర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయింది.

పిన్ని: లాగ్‌ని క్యూలోకి తోశావా?

అబ్బాయి: అవును, ఇంకో థ్రెడ్ తీరిగ్గా ఫైల్లో రాస్తుందని.

పిన్ని: బిగుసుకోక ఏం చేస్తుంది? జీసీ నీ కోడ్‌లో ఎక్కడ పడితే అక్కడ దూరుతుంది. నీ థ్రెడ్ అదే క్యూ తాళం చేతిలో పట్టుకుని ఉన్నప్పుడు జీసీ లేచిందనుకో. నీ కాల్‌బ్యాక్ మళ్ళీ అదే తాళం అడుగుతుంది. తాళం ఉన్నది తన చేతిలోనే, కానీ తను కాల్‌బ్యాక్ ముగిసేదాకా వదల్లేదు. ఇక అంతే సంగతులు. ఈ చిక్కు చాలామందికి తగిలాకే 3.7లో సింపుల్‌క్యూ అని ఒకటి తెచ్చారు. దాని పుట్ మధ్యలో ఆగి మళ్ళీ మొదలైనా ఏమీ కాదు. లేదంటే కాల్‌బ్యాక్‌లో ఏమీ చెయ్యకు, ముందే కేటాయించుకున్న చోట నాలుగు అంకెలు వేసి బయటికొచ్చెయ్.

(జీసీని గమనించే కోడ్ జీసీ లోపలే నడుస్తుందన్న ఎరుక డాక్యుమెంటేషన్ చదివితే రాదు. ఇలా ఒకసారి సర్వర్ బిగుసుకుంటే వస్తుంది.)

అబ్బాయి: సరే, బరువు రాయిద్దాం. కానీ ప్రొడక్షన్‌లో రాసుకునేదాకా ఎందుకు? టెస్టుల్లోనే పట్టుకుంటా. జీసీ.కలెక్ట్ పిలిచి ముందున్నదంతా ఊడ్చేస్తా. జీసీ ఆపేస్తా. రిక్వెస్ట్ ఒకటి నడిపిస్తా. డీబగ్_సేవాల్ జెండా పెట్టి మళ్ళీ కలెక్ట్ పిలుస్తా. ఆ జెండా ఉంటే జీసీ దొరికినవాటిని చంపకుండా జీసీ.గార్బేజ్ లిస్టులో పోస్తుంది. అందులో ఒక్కటి కనబడినా టెస్ట్ ఫెయిల్. ఎవడు సైకిల్ పెట్టినా ఆ రోజే తెలిసిపోతుంది.

పిన్ని: ఆ లిస్టులో ఏం కనబడ్డాయి?

అబ్బాయి: డిక్షనరీలు, సెల్స్, ఫంక్షన్లు, టుపుల్స్...

పిన్ని: అవే కనబడతాయి. ఫంక్షన్ లోపల ఫంక్షన్ రాసి, అది తన్ను తాను పిలుచుకుంటే ఒక సైకిల్. ఫంక్షన్ సెల్‌ని పట్టుకుంటుంది, సెల్ ఫంక్షన్‌ని పట్టుకుంటుంది. పిలిచిన ప్రతిసారీ కొత్తది పుడుతుంది. క్లాసు అనేది పుట్టుకతోనే సైకిల్. వారసత్వ వరస రాసుకునే టుపుల్‌లో మొదటి పేరు దానిదే. ఎవరైనా రిక్వెస్ట్ మధ్యలో నేమ్డ్‌టుపుల్ తయారుచేశారా, కొత్త క్లాసు పుట్టినట్టే. ఇక చెట్టులా ఉండే డేటాలో పిల్లకి తల్లి తెలియాలి, తల్లికి పిల్లలు తెలియాలి. ఇవన్నీ తప్పులంటావా?

అబ్బాయి: నేమ్డ్‌టుపుల్ రిక్వెస్ట్ మధ్యలో తయారుచెయ్యడం తప్పే.

పిన్ని: అది తప్పే, ఒప్పుకున్నా. తక్కినవి?

అబ్బాయి: వీక్‌రెఫ్ పెట్టొచ్చు. పైథాన్ 2.1 నుంచీ ఉంది కదా. పిల్ల తల్లిని బలహీనంగా పట్టుకుంటే సైకిలే ఉండదు. స్విఫ్ట్‌లో చూడు, సైకిళ్ళు ఏరే జీసీనే లేదు. ప్రోగ్రామరే ఎక్కడ వీక్ పెట్టాలో చూసుకుంటాడు. అన్ని ఐఫోన్లు నడవట్లేదా?

పిన్ని: నడుస్తున్నాయి. ఆ ప్రోగ్రామర్ల కోసం 2016లో ఎక్స్‌కోడ్ 8లో మెమరీ గ్రాఫ్ చూపించే పనిముట్టు కూడా పెట్టాల్సొచ్చింది, సైకిళ్ళు వెతుక్కోవడానికి. అక్కడ వేరే దారి లేదు, అందుకని మోస్తున్నారు. నీ దగ్గర మోసేవాడు ఉన్నాడు, అయినా నువ్వే నెత్తికెత్తుకుంటానంటున్నావు. వీక్‌రెఫ్ ఊరికే రాదు. చెట్టు మొత్తాన్ని పట్టుకున్న వేరియబుల్ పోయి, చేతిలో ఒక్క కొమ్మ మిగిలిందనుకో. తల్లి ఎవరని అడిగితే నన్ అంటుంది. ఆ బగ్ రాత్రి రెండింటికి వస్తుంది, అదీ ఒక్కోసారే వస్తుంది.

అబ్బాయి: లెక్క సున్నా అయిన క్షణమే పోవడంలో ఇంకో లాభం ఉంది. ఫైళ్ళూ, సాకెట్లూ వెంటనే మూసుకుంటాయి.

పిన్ని: సీపైథాన్‌లో. పైపైలో లెక్కలే లేవు, అక్కడ నీ ఫైలు ఎప్పుడు మూసుకుంటుందో ఎవరూ చెప్పలేరు. ఫైలు మూయడానికి విత్ ఉంది. ఆ పని మెమరీ లెక్కల మీద పెట్టకు.

(ఇక్కడ పిన్ని మాటే చెల్లుతుంది. అయినా అబ్బాయి టెస్టుని నేను పూర్తిగా కొట్టెయ్యను. ప్రతి సైకిల్నీ నేరంగా చూడటం వేరు, బరువైన దారిలో మాత్రం కాపలా పెట్టుకోవడం వేరు. వాడు మొదట ఆ తేడా చూడలేదు.)

పిన్ని: నువ్వు ఎంతసేపూ జీసీ ఏరని వాటి గురించే బాధపడుతున్నావు. ఏరకూడనివి ఏరేస్తే?

అబ్బాయి: ఎవరైనా పట్టుకుని ఉంటే ఏరదు కదా.

పిన్ని: మీ అసింక్‌ఐఓ కోడ్‌లో క్రియేట్_టాస్క్ పిలిచి, వచ్చినదాన్ని ఎక్కడా దాచకుండా వదిలేస్తున్నారా?

అబ్బాయి: ఈవెంట్ లూప్ చూసుకుంటుందిలే అని చాలాచోట్ల వదిలేస్తాం.

పిన్ని: లూప్ టాస్కులని బలహీనంగానే పట్టుకుంటుంది, డాక్యుమెంటేషన్‌లో ఆ హెచ్చరిక రాసే ఉంది. ఇప్పుడు ఆ టాస్క్ ఒక ఫ్యూచర్ కోసం ఆగి ఉందనుకో. టాస్క్ తన కోరూటీన్‌ని పట్టుకుంటుంది, కోరూటీన్ ఫ్రేమ్‌ని, ఫ్రేమ్ ఫ్యూచర్‌ని. ఫ్యూచర్ పూర్తయితే ఎవర్ని లేపాలో దాని కాల్‌బ్యాక్ లిస్టులో ఉంటుంది, అది మళ్ళీ ఈ టాస్కే. ఫ్యూచర్‌ని బయటనుంచి ఎవరూ పట్టుకోలేదా, ఇక అది అచ్చమైన సైకిల్, అందులో పని మాత్రం సగం మిగిలి ఉంది. జీసీ వచ్చి మొత్తం ఊడ్చేస్తుంది. పెండింగ్‌లో ఉండగానే టాస్క్ నాశనమైందని లాగ్‌లో ఒక మెసేజ్ పడుతుంది, చూసే ఉంటావు.

అబ్బాయి: చూశాను! అది వారానికి ఒకసారి వస్తుంది. ఎందుకో ఎవరికీ తెలీదు.

పిన్ని: అది వచ్చిన సమయం, నీ జీసీ లాగ్‌లో జనరేషన్ రెండు లేచిన సమయం పక్కపక్కన పెట్టి చూడు. నీ లాగ్ ఇక్కడ పనికొస్తుంది.

(అబ్బాయి అప్పుడే లాప్‌టాప్ తిప్పుకుని వెతికాడు. రెండు సమయాలూ ఒకే సెకనులో ఉన్నాయి. వాడు మొదలుపెట్టిన సమస్య ఇది కాదు, కానీ మొహం వెలిగింది.)

అబ్బాయి: అయితే లాగ్ పెట్టుకోవడం దండగ అని నువ్వు అనట్లేదన్నమాట.

పిన్ని: దేనికి సాక్ష్యమో దానికే వాడమంటున్నాను. లీక్‌కి వేరే సాక్ష్యం కావాలి. ఈ విషయంలో ఫైర్‌ఫాక్స్ వాళ్ళ పద్ధతి నాకు నచ్చుతుంది. వాళ్ళ సీ ప్లస్ ప్లస్ ఆబ్జెక్టులు కూడా లెక్కల మీదే నడుస్తాయి. పేజీలో జావాస్క్రిప్ట్‌కీ వీటికీ మధ్య సైకిళ్ళు పడి ట్యాబులు మూసినా మెమరీ పోయేది కాదు. 2008లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 3లో వీటికోసమే ఒక సైకిల్ కలెక్టర్ పెట్టారు. అబౌట్:మెమరీ పేజీకి వెళ్ళి బటన్ నొక్కితే రెండు ఫైళ్ళు పడతాయి, ఒకటి జావాస్క్రిప్ట్ జీసీది, ఇంకోటి సైకిల్ కలెక్టర్‌ది. అందులో పోయినవే కాదు, ప్రతి ఆబ్జెక్టు లెక్కా, అది ఎవర్ని పట్టుకుందో కూడా ఉంటాయి. ఒక చిన్న స్క్రిప్టుకి ఆ ఫైలూ, నీకు అనుమానం ఉన్న ఆబ్జెక్టూ ఇస్తే, ఏ దారిన అది బతుకుతోందో వెనక్కి నడిచి చెబుతుంది. దీని లెక్క మూడు, ఇద్దరెవరో నాకు తెలుసు, ఒకరెవరో తెలీదు అన్నంత స్పష్టంగా చెబుతుంది. నువ్వు పట్టుకోవాల్సింది ఆ తెలియని ఒకర్ని.

అబ్బాయి: పైథాన్‌లో అలాంటి ఫైలు లేదుగా.

పిన్ని: ఫైలు లేదు, అడగడానికి దారి ఉంది. నీ సర్వీసులో ఏ టైపు పెరుగుతోంది?

అబ్బాయి: ఆబ్జ్‌గ్రాఫ్‌తో చూశాను. ఇన్వాయిస్ ఆబ్జెక్టులు పెరుగుతున్నాయి. రిక్వెస్ట్‌కి ఒకటి పుడుతుంది, అది ముగిశాక పోవాలి.

పిన్ని: పాతదొకటి పట్టుకుని, జీసీ.గెట్_రెఫరర్స్‌కి ఇవ్వు. ఏమొచ్చింది?

అబ్బాయి: రెండు. ఒకటి లిస్టు...

పిన్ని: అది నువ్వు ఇప్పుడే వెతకడానికి చేసుకున్న లిస్టు. దాన్ని వదిలెయ్. నువ్వు చూడటానికి పట్టుకుంటే నువ్వూ ఆ లెక్కలోకి వస్తావు.

అబ్బాయి: రెండోది టుపుల్. అందులో ఈ ఇన్వాయిసూ, ఒక తేదీ ఉన్నాయి.

పిన్ని: ఆ టుపుల్‌ని ఎవరు పట్టుకున్నారు?

అబ్బాయి: ఒక పెద్ద డిక్షనరీ. వేల కీలున్నాయి. అన్నీ ఇలాంటి టుపుల్సే.

పిన్ని: డిక్షనరీని?

అబ్బాయి: ఫంక్‌టూల్స్ ఎల్‌ఆర్‌యూ క్యాష్ రాపర్.

పిన్ని: ఇన్వాయిస్ క్లాసులో ఏదో మెథడ్ మీద ఎల్‌ఆర్‌యూ_క్యాష్ పెట్టారు. మ్యాక్స్‌సైజ్ నన్ ఇచ్చారా?

అబ్బాయి: ఇచ్చారు. పన్ను లెక్క వేసే మెథడ్. లెక్క ఒకటే కదా, మళ్ళీ మళ్ళీ వెయ్యడం ఎందుకని.

పిన్ని: మెథడ్‌కి మొదటి ఆర్గ్యుమెంట్ సెల్ఫ్. క్యాష్ కీలో ఆ సెల్ఫ్ కూడా ఉంటుంది. క్యాష్ ఉండేది క్లాసు మీద, క్లాసు మాడ్యూల్లో, మాడ్యూల్ ప్రాసెస్ ఉన్నంతకాలం. కాబట్టి పుట్టిన ప్రతి ఇన్వాయిసూ ప్రాసెస్ ఉన్నంతకాలం. మ్యాక్స్‌సైజ్ ముట్టుకోకుండా వదిలేసినా 128 దగ్గర ఆగేది, నీకు తెలిసేది కూడా కాదు.

అబ్బాయి: ఇందులో సైకిలే లేదు పిన్నీ.

పిన్ని: లేదు. నీ సేవాల్ టెస్టు దీన్ని పచ్చజెండా ఊపి పంపేస్తుంది. నీ లాగ్‌లో దీని గురించి ఒక్క అంకె కూడా రాదు. నెలంతా సైకిళ్ళు వేటాడినా ఇది అలాగే ఉండేది.

అబ్బాయి: కానీ ఆ 300 మెగాబైట్లది సైకిలే. అది నా టెస్టుకే దొరుకుతుంది, నీ గెట్_రెఫరర్స్‌కి దొరకదు. నువ్వు వెళ్ళి చూసేసరికి జీసీ ఏరేసి ఉంటుంది, లేదా ప్రాసెస్ చచ్చిపోయి ఉంటుంది.

పిన్ని: అదీ నిజమే.

అబ్బాయి: కాబట్టి టెస్టు ఉంచుతాను. లాగ్ కూడా ఉంచుతాను.

పిన్ని: ఉంచుకో. లాగ్ లైన్లో నాలుగు ఉండాలి: జనరేషన్, పట్టిన సమయం, ముందు మెమరీ, తర్వాత మెమరీ. పైథాన్ వెర్షన్ కూడా రాయించు. 3.13లో జీసీని ముక్కలు ముక్కలుగా నడిపే కొత్త పద్ధతి పెట్టి, కొందరి ప్రోగ్రాంలు నెమ్మదిస్తున్నాయని 2024 అక్టోబర్‌లో విడుదలకి కొద్ది రోజుల ముందు వెనక్కి తీసేశారు. వెర్షన్ మారితే ఈ అంకెల అర్థం మారుతుంది. పాత లాగ్‌నీ కొత్త లాగ్‌నీ ఒకే గ్రాఫ్‌లో గీసి మీ మేనేజర్‌కి చూపించకు.

అబ్బాయి: టెస్టు ఎక్కడెక్కడ పెట్టను?

పిన్ని: ఆ ఎర్రేలు నడిచే దారిలో పెట్టు. అడ్మిన్ పేజీల మీద పెట్టకు.

అబ్బాయి: సైకిళ్ళు ఎక్కువ ఉన్నది అడ్మిన్ పేజీల్లోనే.

పిన్ని: ఉండనీరా.